పొగ మాన్పించే సాయం: రెండో వారంలో పలకరించేదెవరు?

2016-17లో దేశమంతటా జరిగిన వయోజనుల పొగాకు సర్వేలో, పొగతాగేవారిలో 55.4 శాతం మంది మానాలనే ఆలోచనలో ఉన్నామని చెప్పారు. ఏ సాయమూ లేకుండా సొంతంగా మానబోయినవారిలో నిలబడేది మాత్రం నూటికి నలుగురేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఈ రెండు అంకెల మధ్య చిక్కుకున్నవాళ్లు మనకు తెలియనివారు కాదు. చీమకుర్తి క్వారీలో రాయి తొలిచేవారు, కృష్ణపట్నం దారిలో లారీ తోలేవారు, రొయ్యల చెరువు గట్టున రాత్రి కాపలా ఉండేవారు, టంగుటూరు పొగాకు వేలం కేంద్రం బయట చుట్ట ముట్టించుకుని రేటు కోసం ఎదురుచూసే రైతులు. వీళ్లకు పట్టుదల లేదనే మాట నేను ఒప్పుకోను. క్వారీలో, చెరువు గట్టు మీద, పొగాకు చేలో పనిచేసే మనిషికి పట్టుదల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అతనికి లేనిది, అందే దూరంలో సాయం.

కాబట్టి ఈ వ్యాసం మానాలనుకునేవారికి ఎంతో, వారికి సాయం ఏర్పాటు చేయగలిగినవారికీ అంతే. సర్పంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, క్వారీ యజమాని, డిపో సంఘం నాయకుడు, ఊళ్లో నాలుగు మంచి పనులకు చందా వేసే క్లబ్బు, తండ్రి దగ్గు విని నిద్రపట్టని కొడుకు. చేతిలో కొద్ది డబ్బు, కొద్ది సమయం ఉన్నప్పుడు ఏ సాయాన్ని ఎంచుకోవాలి, దేన్ని ముందు పెంచాలి అన్నది ప్రశ్న.

నేను ప్రతి మార్గాన్నీ ఒకే కొలతతో చూస్తాను: మానిన తర్వాత రెండో వారంలో ఈ మనిషిని పలకరించేది ఎవరు?

ఆ కొలత ఎందుకో చెప్పాలి. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. అందుకే ఆపిన రోజే చిరాకు మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు అది శిఖరానికి చేరుతుంది. నిద్ర పట్టదు, మనసు ఒకచోట నిలవదు, ఇంట్లోవాళ్ల మాటకు కోపం వస్తుంది, ఆకలి పెరుగుతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా సర్దుకుంటుంది. మొదటి రోజుల్లో అందరూ అండగా ఉంటారు. భార్య గమనిస్తుంది, స్నేహితులు మెచ్చుకుంటారు. తొమ్మిదో రోజుకు ఆ సందడి ఉండదు. శరీరం మాత్రం ఇంకా అడుగుతూనే ఉంటుంది. అప్పుడే ఒక గొడవ, ఒక పంక్చరు, ఒక పెళ్లి విందు, ఎవరో అందించిన ఒక బీడీ. మళ్లీ మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది ఈ తొలి వారాల్లోనే మొదలుపెడతారు.

ఫోను సాయం

సిగరెట్ పెట్టె మీద భయంకరమైన బొమ్మ కింద ఒక నంబరు ఉంటుంది: 1800-11-2356. 2018 సెప్టెంబరు నుంచి పొగాకు ఉత్పత్తుల పెట్టెలన్నిటి మీదా దాన్ని ముద్రిస్తున్నారు. రోజూ చేతిలో పట్టుకుని తిరిగే ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చని చాలామందికి తోచదు. ఇది జాతీయ పొగాకు క్విట్‌లైన్. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌తో పాటు ముంబయి, గువాహటి కేంద్రాలకూ విస్తరించింది. దక్షిణాది భాషల కాల్స్ నిమ్హాన్స్ చూసుకుంటుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. రూపాయి ఖర్చు లేదు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, సోమవారం సెలవు.

నా కొలతకు ఇది బాగానే నిలుస్తుంది. కౌన్సెలర్‌తో మాట్లాడి మానే తేదీ పెట్టుకుని నమోదు చేసుకుంటే, తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతారు. ఉదయగిరిలో ఉన్నా, గిద్దలూరులో ఉన్నా, నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఉన్నా ఒకటే. బస్సు చార్జీ, కూలి నష్టం ఉండవు. పొగతాగుతున్న సంగతి ఇంట్లో తెలియని కుర్రవాడికి, చుట్ట అలవాటున్నా ఆస్పత్రిలో ఆ మాట చెప్పడానికి సిగ్గుపడే పెద్దావిడకు ఇంతకంటే మర్యాదగా ఉండే దారి లేదు.

లోపాలూ ఉన్నాయి. రాత్రి షిఫ్టు వాళ్లకు, చెరువు కాపలాదారుకు అసలు ఇబ్బంది వచ్చేది రాత్రి రెండు గంటలకు. అప్పుడు ఈ నంబరు పలకదు. తెలియని నంబరు నుంచి కాల్ వస్తే అప్పులవాళ్లో, మోసగాళ్లో అనుకుని కట్ చేసే రోజులివి. అందుకే తిరిగి వచ్చే కాల్ కూడా వృథా అయిపోతుంది. మందులు ఫోనులో రావు. మీరు సాయం చేసేవారైతే ఇక్కడ చేయగలిగింది చిన్నదే అయినా విలువైనది. మానాలనుకునే మనిషి పక్కన కూర్చుని మొదటి కాల్ మీరే కలపండి. ఏ రోజు, ఏ వేళకు తిరిగి చేయమంటారో అతని చేత చెప్పించండి. ఇకపై కొన్నాళ్లు కొత్త నంబరు వస్తే ఎత్తమని అతనికీ, ఇంట్లోవారికీ చెప్పండి. ఒక పోస్టరు అంటించడం కంటే ఈ పది నిమిషాలు ఎక్కువ పని చేస్తాయి.

ఫోనులో మాట్లాడటం ఇష్టం లేనివారికి 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే సందేశాలు పంపే సేవ ఉంది. ఫోను సందేశాలు మానేవారి సంఖ్యను పెంచుతాయని అధ్యయనాల్లో తేలింది. అయినా చదువు తక్కువగా ఉన్నవారికి, ఫోను పిల్లల చేతిలో ఉండే ఇళ్లకు నేను దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. పొగ ఆపాక దిగులు మరీ ఎక్కువైతే, బతకాలనిపించడం లేదన్న మాట నోటినుంచి వస్తే ఆలస్యం చేయకుండా 14416, మానసిక సాయం అందించే టెలి మానస్‌కు ఫోన్ చేయండి. అక్కడా తెలుగులో మాట్లాడతారు.

పెద్దాసుపత్రి, దంత వైద్య కళాశాల

నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ సర్వజనాసుపత్రులున్నాయి, వాటికి అనుబంధంగా వైద్య కళాశాలలున్నాయి. ఛాతీ వ్యాధుల విభాగంలోనో, మానసిక వైద్య విభాగంలోనో, బీపీ, షుగరు చూసే అసాంక్రమిక వ్యాధుల క్లినిక్‌లోనో పొగాకు మాన్పించే సలహా దొరుకుతుంది. ఏ రోజు, ఏ గదిలో అన్నది వెళ్లేముందే కనుక్కోండి. ఓపీ చీటీ రాసే చోట ‘పొగ మానడానికి వచ్చాను’ అని తేల్చి చెప్పండి. లేకపోతే దగ్గు మందు రాసి పంపే అవకాశమే ఎక్కువ.

దంత వైద్య కళాశాలలను మనవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. నోట్లో తెల్ల మచ్చ, మానని పుండు, కారం తగిలితే భరించలేని మంట, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది ఉన్నా ముందు అక్కడికే వెళ్లాలి. అద్దంలో తన నోటిని తాను చూసుకుని, డాక్టరు ఆ మచ్చ మీద వేలు పెట్టి చూపిస్తే కలిగే మెలకువ మామూలు ఉపన్యాసంతో రాదు. ఖైని, గుట్కా నమిలేవారికి ఇది మరీ అవసరం.

పెద్దాసుపత్రి తప్పనిసరి అయినవారు కొందరున్నారు. గుండెపోటు వచ్చి ఎక్కువ రోజులు కానివారు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, మానసిక వ్యాధులకు మందులు వాడుతున్నవారు, ఇప్పటికే చాలాసార్లు మాని మళ్లీ మొదలుపెట్టినవారు. మిగిలినవారికి మాత్రం ఇది నా మొదటి సలహా కాదు. కారణం దూరం. గిద్దలూరు నుంచి ఒంగోలు, ఉదయగిరి నుంచి నెల్లూరు వెళ్లి రావడానికి ఒక రోజు కూలి పోతుంది. మొదటిసారి వెళ్తారు. రెండో వారంలో రమ్మంటే వెళ్లరు. నిపుణుడు గొప్పవాడే, కానీ ఆ తొమ్మిదో రోజున అతను మనిషికి దూరంగా ఉంటాడు. జిల్లా కేంద్రంలో ఇంకో క్లినిక్ తెరవడానికి పెట్టే డబ్బుతో, అదే క్లినిక్ నుంచి రోగులకు తిరిగి ఫోన్ చేసే ఒక ఉద్యోగిని పెడితే ఫలితం ఎక్కువ వస్తుందని నా నమ్మకం.

ఊరి ఆరోగ్య కేంద్రం

నన్ను అడిగితే విస్తరణ మొదలవ్వాల్సింది ఇక్కడ. ఆశా కార్యకర్త ముప్పై ఏళ్లు దాటినవారి ఇంటికి వెళ్లి నింపే ఆరోగ్య పత్రంలో పొగాకు వాడతారా అన్న ప్రశ్న ఉంది. అంటే మన ఊళ్లలో ఎవరెవరు తాగుతారో కాగితం మీద ఇప్పటికే రాసి ఉంది. ‘అవును’ అన్న గడిలో టిక్కు పడిన తర్వాత ఏమవుతుందన్నదే ప్రశ్న. ఆ టిక్కు తర్వాత మూడు నిమిషాల మాట ఉండాలి: ఎంతకాలంగా తాగుతున్నారు, మానాలని ఉందా, ఏ రోజు మానదాం, ఆ రోజు నేను ఫోన్ చేస్తాను. ఆరోగ్య సిబ్బంది చెప్పే ఇంత చిన్న మాటకు కూడా మాన్పించే బలం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో విడుదల చేసిన చికిత్స మార్గదర్శకాలు ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ, అర నిమిషం నుంచి మూడు నిమిషాల సలహా మామూలు పనిలో భాగం కావాలని చెప్పాయి.

ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఆ ఊరివాళ్లు, లేదా ఊరికి తరచూ వచ్చేవాళ్లు. రెండో వారంలో పాల కేంద్రం దగ్గర కనిపిస్తారు. ‘ఎలా ఉంది అన్నా, ఆపావా’ అంటారు. ఆ పలకరింపును ఏ పెద్దాసుపత్రీ ఇవ్వలేదు. క్షయ రోగుల విషయంలో ఈ అవకాశం ఇంకా పెద్దది. పొగతాగేవారికి క్షయ వచ్చే ముప్పు ఎక్కువ, వచ్చాక చికిత్స ఫలితమూ తగ్గుతుంది. మామూలు క్షయకు మందు కనీసం ఆరు నెలలు. ఆరు నెలలపాటు మందు ఇచ్చే మనిషి, వేసుకునే మనిషి కలుస్తూనే ఉంటారు. ప్రతి కలయికలో ఒక ప్రశ్న అదనంగా అడగడానికి కొత్త భవనం అక్కర్లేదు. చీమకుర్తి గ్రానైట్ పనివారికి, మార్కాపురం పలకల పనివారికి రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉంటాయి. సిలికా దుమ్ము, పొగ రెండూ కలిస్తే క్యాన్సర్, క్షయ, ఆయాసం ముప్పు మరింత పెరుగుతుంది. ఆ మండలాల ఆరోగ్య కేంద్రాలకు ఇది పక్కనపెట్టదగిన పని కాదు.

ఇక్కడి లోటు కూడా దాచను. ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉంది. మరో రిజిస్టరు ఇచ్చి చేతులు దులుపుకుంటే అది ఖాళీగానే ఉంటుంది. శిక్షణ ఇవ్వాలి, ఫోన్ ఖర్చు ఇవ్వాలి, అన్నిటికంటే ముందు చేతిలో నికోటిన్ గమ్ పెట్టాలి. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను చేర్చారు. జాబితాలో ఉన్న మందు ఊరి కేంద్రంలోనూ ఉండాలని అడిగే హక్కు మనకుంది. పంచాయతీ తీర్మానంగా, ఆస్పత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో, ప్రజా వినతుల రోజున కలెక్టరేటులో అడగాల్సిన మాట ఇది.

గమ్, ప్యాచ్, మాత్రలు

చాలామంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

ముందు ఒక భయం తీర్చాలి. ‘సిగరెట్‌లో ఉన్న నికోటినే గమ్‌లోనూ ఉంటే తేడా ఏముంది’ అని అడుగుతారు. అలవాటును పట్టి ఉంచేది నికోటిన్. క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా కాలిన పొగలోని రసాయనాలు. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, వాటిలో కనీసం 69 క్యాన్సర్ కారకాలు. గమ్, ప్యాచ్ (చర్మానికి అంటించే పట్టీ) పొగ లేకుండా కొద్దికొద్దిగా నికోటిన్ ఇచ్చి, మెల్లగా తగ్గించి, చివరికి ఆపేలా చేస్తాయి.

ఎవరికి మందు అవసరమో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: నిద్ర లేచాక మొదటి బీడీ ఎప్పుడు? అరగంటలోపే అయితే వ్యసనం గట్టిగా ఉందని అర్థం. అలాంటివారిని మాటలతో మాత్రమే మానమనడం న్యాయం కాదు. లేచిన గంట, రెండు గంటల దాకా గుర్తురాని వారికి ఫోను సలహా, ఇంటి అండ సరిపోవచ్చు.

గమ్ మందుల షాపులో దొరుకుతుంది. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తారు. 4 మిల్లీగ్రాములది, లేవగానే వెలిగించేవారికి, డాక్టరు చెప్పాలి. గమ్ పనిచేయలేదనేవారిలో చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తారు. నికోటిన్ అంతా లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, కోరిక మాత్రం తగ్గదు. సరైన పద్ధతి ఇది: నోట్లో ఘాటు తెలిసేదాకా మెల్లగా నమలాలి, ఆపి చెంపకూ చిగురుకూ మధ్య ఉంచాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, సోడా, నిమ్మరసం వద్దు. పులుపు ఉంటే నికోటిన్ నోటి పొరలోకి ఇంకదు. మన దగ్గర టీ తాగుతూ సిగరెట్ కాల్చే అలవాటు ఎంత బలమైనదో తెలుసు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సిందే. కట్టుడు పళ్లున్న పెద్దవారికి గమ్ అతుక్కుంటుంది, వారికి చప్పరించే బిళ్ల నయం.

రెండో పొరపాటు, తక్కువ వాడటం. రోజుకు రెండు నమిలి లాభం లేదంటారు. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి చొప్పున రోజుకు కనీసం తొమ్మిది కావాలి. తర్వాత క్రమంగా తగ్గిస్తూ పన్నెండు వారాలకు ఆపాలి. లెక్క వేయండి, మొదటి ఆరు వారాలకే 378 గమ్‌లు. షాపులో పది గమ్‌ల స్ట్రిప్పు ధర అడిగి వదిలేయకండి, పన్నెండు వారాలకు ఎంతవుతుందో అడగండి. సిగరెట్ తాగేవారికి ఈ లెక్క గిట్టుబాటు కావచ్చు, సిగరెట్ ఖర్చు మిగులుతుంది కనుక. బీడీ కట్టతో రోజు గడిపే కూలీకి మాత్రం గమ్ బీడీ కంటే ఖరీదు. మానమని చెప్పి, మానడానికి తాగడం కంటే ఎక్కువ ఖర్చు పెట్టమంటే ఎవరు వింటారు? మీ క్లబ్బు దగ్గర, మీ సంఘం దగ్గర కొద్దిపాటి నిధి ఉంటే అది బీడీ తాగే కార్మికుల, కూలీల గమ్ ఖర్చుకే పోవాలని నేను గట్టిగా చెబుతాను. బీడీ సిగరెట్ కంటే తేలికైనదన్న నమ్మకం కూడా తప్పే. అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి, తారు ఎక్కువే లోపలికి పోతుంది.

ప్యాచ్ రోజుకొకటి అంటించుకుంటే చాలు, గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువ. రోజుకు పది సిగరెట్లు దాటినవారికి 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఆరు వారాల తర్వాత 14కు, ఆపైన 7కు తగ్గిస్తారు. ఆఫీసులో, దుకాణంలో కూర్చునేవారికి, బడిలో పాఠం చెప్పేవారికి ఇది హాయి. క్వారీలో, ఎండలో చెమటోడ్చేవారికి ఊడిపోతుంది. చిన్న ఊళ్ల షాపుల్లో ముందే చెప్పి తెప్పించుకోవాల్సి రావచ్చు. వ్యసనం గట్టిగా ఉన్నవారికి ప్యాచ్ ఒక్కటి, గమ్ ఒక్కటి కంటే రెండూ కలిపి వాడటం మేలు. పగలంతా ప్యాచ్ నిలకడగా ఉంచుతుంది, కోరిక ఒక్కసారిగా తన్నుకొచ్చినప్పుడు గమ్ ఆదుకుంటుంది.

మాత్రల్లో వరెనిక్లిన్ బలమైనది. 2016లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో అది ప్యాచ్ కంటే, బుప్రోపియాన్ అనే ఇంకో మాత్ర కంటే ఎక్కువమందిని మాన్పించింది, మానసిక ఇబ్బందులను చెప్పుకోదగ్గ స్థాయిలో పెంచలేదు. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టి సాధారణంగా పన్నెండు వారాలు వాడతారు. వికారం, విచిత్రమైన కలలు రావచ్చు, భోజనం తర్వాత నీళ్లు ఎక్కువగా తాగి వేసుకుంటే తగ్గుతుంది. కిడ్నీ జబ్బుంటే మోతాదు మారుతుంది. బుప్రోపియాన్ మూర్ఛ ఉన్నవారికి పనికిరాదు. రెండూ డాక్టరు చీటీ మీదే. పక్కింటివారికి రాసిన చీటీతో కొనకండి.

మానేవారికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పొగలోని పదార్థాలు కొన్ని మందులనూ, కాఫీలోని కెఫీన్‌నూ శరీరం త్వరగా ఖర్చు చేసేలా చేస్తాయి. పొగ ఆగాక అవి ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. అందుకే అదే మూడు కప్పుల కాఫీ ఇప్పుడు గుండె దడ తెప్పిస్తుంది, దాన్ని సిగరెట్ లేని బాధ అనుకుంటారు. కాఫీ సగానికి తగ్గించండి. ఇన్సులిన్, ఆయాసానికి థియోఫిలిన్, మానసిక వ్యాధులకు క్లోజపిన్ లాంటివి వాడేవారు మానే తేదీని డాక్టరుకు ముందే చెప్పాలి.

పొగాకు ఆకు పనిలో ఉన్నవారికి ఇంకో జాగ్రత్త. మంచు తడి ఉన్న పచ్చాకు రెలిచేటప్పుడు, అంటే కోసేటప్పుడు, చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి వెళ్తుంది, తలతిరుగుడు, వాంతులు రావడం దానివల్లే. రెలుపుల రోజుల్లో ప్యాచ్ మొదలుపెట్టాలనుకుంటే డాక్టరుకు ఆ పని సంగతి చెప్పండి. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు ఎలాగూ అవసరం.

దీక్ష, పనిచోటి జట్టు

ఆస్పత్రి కాగితాల్లో కనిపించని ఒక పెద్ద సహాయ వ్యవస్థ మన ఊళ్లలో ఉంది. కార్తీకం రాగానే వందలమంది అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజులు బీడీ ముట్టరు, మందు ముట్టరు. దీన్ని భక్తి అని మాత్రమే చూడకుండా చికిత్స కళ్లతో చూడండి. తేదీ ముందే నిర్ణయమవుతుంది. వెంట గురుస్వామి ఉంటాడు. రోజూ సాయంత్రం భజనలో పదిమంది కలుస్తారు. ఎదురుపడిన ప్రతివారూ ‘స్వామీ’ అని పిలిచి నియమాన్ని గుర్తుచేస్తారు. నల్ల బట్టలు చూసి బీడీ ఇవ్వజూపే స్నేహితుడు ఉండడు. రెండో వారంలో పలకరించేదెవరన్న నా ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు ఇచ్చే ఏర్పాటు మన ప్రాంతంలో ఇంకోటి లేదు. శరీరం నికోటిన్ లేమికి సర్దుకోవడానికి కావలసిన నాలుగు వారాలు ఆ 41 రోజుల్లో హాయిగా గడిచిపోతాయి.

చిక్కంతా మాల తీసిన రోజున. కొండ దిగిన గంటలోనే వెలిగించేవారున్నారు. ఒంటికి ఆ అవసరం తీరిపోయింది, మనసుకు మాత్రం ‘నియమం అయిపోయింది’ అన్న అనుమతి దొరికింది. అక్కడ ఒక ఫోన్ కాల్ ఉంటే, గురుస్వామి ఇంకో నెల సాయంత్రాలు కలిసే ఏర్పాటు చేస్తే, ఎంతమంది నిలబడతారో ఆలోచించండి. రంజాన్ మాసంలోనూ ఇదే అవకాశం ఉంది. పగలంతా పొగ లేకుండా ఉండగలిగిన మనిషికి మిగిలింది ఇఫ్తార్ తర్వాతి కొన్ని గంటలే. ఆ గంటలకు గమ్, మసీదులో ఒక పెద్దమనిషి మాట తోడైతే నెల పొడుగునా సాధన జరిగినట్టే. ఏ మతమూ పాటించనివారికి ఇది వర్తించదు, వారిని దీక్ష వేసుకోమనడం నా ఉద్దేశం కాదు. అదే రూపాన్ని పనిచోట కట్టవచ్చు: ఒకే తేదీన మానే ఐదారుగురు, వారానికి రెండుసార్లు పావుగంట కూర్చోవడం, ఇదివరకే మానిన ఒకరు నడిపించడం. గ్యారేజీలో, క్వారీ షెడ్డులో, చేపల రేవులో ఎక్కడైనా కుదురుతుంది. యజమాని ఇవ్వాల్సింది ఆ పావుగంట, గమ్ ఖర్చు. పనిచోట పొగతాగడాన్ని నిషేధించే నియమం 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా ఉంది. సాయం ఇవ్వకుండా జరిమానా రాయడం మాత్రం నాకు సమ్మతం కాదు.

పొదిలి దగ్గర మా మేనమామ రెండు బ్యారన్ల (పొగాకు ఆరబెట్టే కొట్టాల) రైతు. గుండె డాక్టరు చెప్పాక చుట్ట మానేశాడు, నిలకడగానే ఉన్నాడు. వేలంలో ఆయన బేళ్లు కొనేవారు లేక వరసగా నోబిడ్ అయిన రోజు, కేంద్రం బయట చెట్టు కింద మళ్లీ వెలిగించాడు. ఆ పూట ఆయన పక్కన ఉన్న ప్రతి మనిషి చేతిలోనూ చుట్టో, సిగరెట్టో ఉంది. ఈ పంట మన ఇళ్లకు అన్నం పెట్టింది, పిల్లల చదువులకు ఫీజు కట్టింది. దాన్ని పండించేవాడు మానాలనుకుంటే అది పంటకు ద్రోహం కాదు. పొదిలి, కొండపి, కలిగిరి, డీసీ పల్లి లాంటి వేలం కేంద్రాల దగ్గర, సీజను రోజుల్లో ఒక ఆరోగ్య సిబ్బంది బల్ల ఉంటే, పడిపోయే క్షణంలోనే పట్టుకునే చేయి ఉన్నట్టవుతుంది. ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఏదైనా కొత్త సేవ పెట్టాలంటే నేను మొదట అడిగేది ఇదే.

ఎంచుకోవద్దనేవి

మే 31న, పొగాకు వ్యతిరేక దినాన జరిగే ఒక రోజు శిబిరాలు, ర్యాలీలు. పిల్లలు ప్లకార్డులు పట్టుకోవడం చూడటానికి బాగుంటుంది. అదే శిబిరంలో పేర్లు, ఫోను నంబర్లు రాసుకుని రెండో వారంలో ఫోన్ చేస్తే సేవ, లేకపోతే ఫొటో. ‘మూడు రోజుల్లో పొగ మాన్పించే పొడి’ అని గోడల మీద రాసే మందుల జోలికి పోవద్దు. లోపల ఏముందో చెప్పని మందు, తర్వాత పలకరించని వైద్యుడు. ఈ-సిగరెట్లకు మారదామనుకునేవారు తెలుసుకోవాలి: 2019 చట్టంతో మన దేశంలో వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. దొంగచాటుగా దొరికేదానిలో ఎంత నికోటిన్ ఉందో అమ్మేవాడికే తెలియదు. సిగరెట్ బదులు ఖైనీకి మారడం మానడం కాదు.

డీ-అడిక్షన్ కేంద్రాలు ఎక్కువగా మద్యం, మాదకద్రవ్యాల కోసం. పొగ ఒక్కటే సమస్యయితే చేరనక్కర్లేదు. కానీ సాయంత్రం మందు లేకుండా ఉండలేని మనిషి సిగరెట్ మాత్రమే మానాలనుకుంటే నిలబడటం కష్టం, రెండూ ఒకచోటే చెప్పుకోవాలి. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరులో ఆ దారి చూపుతారు.

ఎవరికి ఏది

లేవగానే వెలిగించని యువకుడికి, కుటుంబానికి తెలియకుండా మానాలనుకునేవారికి క్విట్‌లైన్ చాలు. లేవగానే వెలిగించే సిగరెట్ వాడుకదారుకు క్విట్‌లైన్, దానితోపాటు ప్యాచ్, గమ్ కలిపి. అవి రెండుసార్లు విఫలమైతే వరెనిక్లిన్ కోసం డాక్టరు దగ్గరికి. బీడీ, చుట్ట తాగే కూలీకి ఊరి ఆరోగ్య కేంద్రం, ఎవరో ఒకరు భరించే గమ్. లారీ డ్రైవరుకు ఫోను తప్ప వేరే దారి కష్టం, కాబట్టి జేబులో గమ్, ఇంటి నుంచి రోజూ ఒక కాల్. మాల వేసుకునేవారికి మాల తీశాక ఏం చేయాలన్న ఏర్పాటు.

సాయం ఏర్పాటు చేసేవారు డబ్బు అసలు లేకపోతే ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టండి: పేరు, మానే తేదీ, మూడో రోజు కాల్, తొమ్మిదో రోజు కాల్, నెల నిండాక ఒక కాల్. కొంచెం నిధి ఉంటే గమ్. ఇంకా ఎక్కువుంటే కాల్స్ చేసే మనిషికి జీతం. ఈ వరస తలకిందులు చేయకండి. తొమ్మిదో రోజు కాల్‌లో ‘ఒకటి తాగాను’ అని అతను చెబితే కోప్పడకండి. ఎక్కడ, ఎవరితో, ఏ వేళకు తాగాడో అడిగి రాసుకోండి, కొత్త తేదీ పెట్టించండి, ఆ వేళకు మీరే ఫోన్ చేయండి. ఈ ఏడాది మాలధారణతో కలిపి మొదలుపెట్టాలంటే అక్టోబరు నెలాఖరుకల్లా గురుస్వాములతో మాట్లాడి ఉండాలి, మాల తీసే వారానికి సరిపడా గమ్ తెప్పించి ఉంచాలి.